అడ్మిషన్ రిజిస్టరు చెప్పే చరిత్ర: మన బడులు, ప్రభుత్వం

మా పాస్టరేటులోని ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలకు నేను కరస్పాండెంటుగా వచ్చి ఆరు సంవత్సరాలు గడిచాయి. ఈ బాధ్యత మోసిన గురువులందరికీ తెలిసిన సంగతే: వారంలో ప్రసంగం సిద్ధం చేసుకోవడానికి ఎంత సమయం పడుతుందో, బిల్లులకు, రిజిస్టర్లకు, ఎం.ఇ.ఓ. గారి కార్యాలయానికి తిరగడానికి అంతకు తక్కువ పట్టదు. ఏటా పదిమందైనా పాత విద్యార్థులు వస్తారు. వారిలో తలలు నెరిసినవారే ఎక్కువ. పింఛనుకో, కుమారుని వద్దకు విదేశం వెళ్ళడానికో పుట్టిన తేదీ ఋజువు కావాలి. పుట్టినప్పుడు వ్రాసి పెట్టినవారు లేరు. అందుచేత బీరువాలోని పాత అడ్మిషన్ రిజిస్టరు బయటికి తీస్తాము.

ఆ రిజిస్టరు చూస్తే మొదట నవ్వు వస్తుంది. సగంమంది జూలై 1వ తేదీన పుట్టినవారే! వారికి ఆ పుట్టినరోజు ఇచ్చినవారు తల్లిదండ్రులు కారు, హెడ్‌మాస్టరుగారు. తుఫాను వచ్చిన ఏడు పుట్టాడనో, పెద్దవాడికంటె రెండేళ్ళు చిన్న అనో తల్లి చెప్పగా, ఆయన లెక్క కట్టి ఒక తేదీ వేశారు. ఆ తేదీతోనే ఆ మనిషి ఉద్యోగంలో చేరాడు, ఆ తేదీతోనే రిటైరయ్యాడు. ఒక పల్లెటూరి పంతులుగారి కలం గీత ప్రభుత్వానికి సాక్ష్యమయింది.

ఆ పుటలలోనే ఇంకొక గడి ఉన్నది. అది కులం, మతం వ్రాసే గడి. దానిని చూచినప్పుడు నవ్వు రాదు. మొదటి పుటలలో "పంచమ" అని ఉన్నది. కొన్ని సంవత్సరాల తరువాత "ఆది ఆంధ్ర" అయింది. కొంతకాలం "క్రైస్తవ" అని నడిచింది. ఆ తరువాతి పుటలలో పక్కపక్క ఇండ్ల పిల్లలకు, ఒక్కొక్కప్పుడు ఒకే తల్లి బిడ్డలకు కూడ వేరువేరు మాటలు కనిపిస్తాయి. పల్లె మారలేదు, ఇంటిపేర్లు మారలేదు, ఆదివారం వారు కూర్చునే చాపలు మారలేదు. గడిలోని మాట మాత్రం మారుతూ వచ్చింది. దానిని ఎవరు మార్చారు? ఈ శతజయంతి సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నాకు ఈ ప్రశ్నే తోచింది. మన మిషనెరీ దొరల సేవను గురించి ఇతరులు వ్రాస్తారు. నేను బడికీ సర్కారుకూ నడుమ జరిగిన వ్యవహారాన్ని గురించి వ్రాస్తాను.

మన ప్రాంతంలో బడులను మొదట లెక్క పెట్టించినవాడు సర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా పొలాలను కొలిపించి రైతువారీ శిస్తు ఏర్పాటు చేసినవాడు ఆయనే. పొలాలు కొలిపించిన చెయ్యే తరువాత బడులను లెక్కింపజేసింది. మద్రాసు గవర్నరైన పిమ్మట 1822 జూన్ 25న ప్రతి కలెక్టరూ తన జిల్లాలోని బడుల వివరం పంపాలని ఉత్తరువు వ్రాశాడు. పంపవలసిన పట్టికలో బ్రాహ్మణ, వైశ్య, శూద్ర, ఇతర కులాలు, ముసల్మానులు అని గడులు ఉన్నాయి. మాల మాదిగ పిల్లలకు అందులో వేరుగా గడి లేదు. ఉన్నా నింపడానికి పిల్లలు ఉండేవారు కాదేమో. మన రిజిస్టరులోని గడికి ముత్తాత అనదగినది ఆ పట్టిక.

లెక్కలన్నీ వచ్చిన తరువాత 1826లో మన్రో తేల్చిన మొత్తం ఇది: మద్రాసు రాజధానిలో 1,28,50,941 మంది జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అనగా రమారమి వెయ్యిమందికి ఒక బడి. ఇవన్నీ సర్కారు పెట్టినవి కావు. అరుగుమీదనో, చావడిలోనో, చెట్టుక్రిందనో నడిచే వీధిబడులు. ఇసుకలో వ్రేలితో దిద్దుకోవడం, అమావాస్యకు పౌర్ణమికి సెలవు, తప్పు చేస్తే కోదండం, పంతులుకు నెలకు కొంత డబ్బు, పండుగకు ధాన్యం. ఈ జ్ఞాపకాలు మన తాతల తరం వరకు ఉండినవే.

ఆ నివేదికలలో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823 ఆగస్టులో వ్రాసినది ప్రసిద్ధమైనది. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడ చేరి ఉండేది. అక్కడి 533 బడులలో 235 కన్నడం చెప్పేవి, 226 తెలుగు చెప్పేవి. ఇంగ్లీషు బడి ఒకే ఒకటి. మొత్తం విద్యార్థులు 6,641 మంది, అందులో హిందూ బాలికలు 60 మంది. కాంప్‌బెల్ లెక్కతో ఊరుకోలేదు. విలాయతీ బట్టల రాకతో నేతగాండ్రు చితికిపోయారనీ, దేశంలో బీదతనం పెరిగిందనీ, బిడ్డలను బడికి పంపే శక్తి తల్లిదండ్రులకు తగ్గిందనీ, పూర్వపు ప్రభువులు విద్యకు ఇచ్చిన ఆదరణ కంపెనీ దొరతనంలో లేకుండా పోయిందనీ నిర్మొహమాటంగా వ్రాశాడు. తాను జీతం తీసుకొనే ప్రభుత్వాన్ని గురించి ఒక ఉద్యోగి ఆ మాటలు వ్రాయడం గమనింపదగినది.

మన్రో జిల్లాకు రెండు పెద్ద బడులు, తాలూకాకు ఒక చిన్న బడి పెట్టాలని సంకల్పించాడు. మరుసటి సంవత్సరమే, 1827 జూలై 6న, కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా సోకి మరణించాడు. తాలూకా బడులలో ఉపాధ్యాయునికి నెలకు తొమ్మిది రూపాయలు నిర్ణయించారు. ఆ బడులు కొన్ని నడిచి, ఇంగ్లీషు చదువు గాలి వీచగానే 1836లో మూతపడ్డాయి. లెక్క మిగిలింది, బడులు మిగలలేదు.

ఇక్కడ కొంచెం దారి తప్పి ఇంగ్లండు వెళ్ళిరావాలి. గ్రాంటు, ఇన్‌స్పెక్టరు అనే జంట మనకు అక్కడినుంచి దిగుమతి అయినదే. చిత్రమేమంటే, ఆ జంట పుట్టడానికి మూలమైన బోధనా పద్ధతి మద్రాసునుంచే అక్కడికి వెళ్ళింది!

1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు గురువు పెద్దగా వచ్చాడు. ఒకనాడు గుర్రంమీద పోతూ ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూచాడు. తన బడిలోనూ అట్లే చేయించమని ఉపాధ్యాయులను అడిగితే వారు ఒప్పుకోలేదు. ఎనిమిదేండ్ల జాన్ ఫ్రిస్కెన్ అనే సిపాయి కొడుకును పిలిచి చిన్నపిల్లల తరగతిని వానికి అప్పగించాడు. పెద్దవాడు చిన్నవానికి చెప్పే ఆ పద్ధతిని గూర్చి 1797లో ఇంగ్లండులో పుస్తకం వేశాడు. దానికి అక్కడ "మద్రాసు పద్ధతి" అని పేరు వచ్చింది. ఒక ఉపాధ్యాయునితో వందలమందికి చదువు చెప్పవచ్చునంటే ఎవరికి ఇష్టముండదు? జోసెఫ్ లాంకాస్టరు కూడ అట్టి పద్ధతినే నడిపాడు. ఆంగ్లికన్ సంఘంవారు ఒక సొసైటీ, ఇతర సంఘాలవారు ఒక సొసైటీ పెట్టి పోటాపోటీగా బడులు తెరిచారు. మన వీధిబడి పద్ధతి ఇంగ్లండులో అనుకరణ పొందిందని కాంప్‌బెల్ కూడ తన నివేదికలో మెచ్చుకున్నాడు.

ఈ రెండు సొసైటీలకు బడులు కట్టుకొనుటకై 1833లో బ్రిటిష్ పార్లమెంటు 20,000 పౌనులు మంజూరు చేసింది. ప్రజల చదువుకు ఆ పార్లమెంటు ఇచ్చిన మొదటి సొమ్ము అదే. ఆరేళ్ళు తిరగకముందే, 1839లో, సొమ్ము ఎట్లా ఖర్చయిందో చూచుటకు ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. 1862లో రాబర్ట్ లో అనే మంత్రి ఇంకొక అడుగు వేసి, ఫలితాన్నిబట్టి గ్రాంటు అన్నాడు. ఇన్‌స్పెక్టరు ప్రతి పిల్లవానినీ చదవడం, వ్రాయడం, లెక్కలలో పరీక్షించాలి. ఒక్కొక్క దానిలో తప్పితే అంత సొమ్ము కోత. బడి చౌకగానైనా నడవాలి, లేదా బాగానైనా నడవాలి అని ఆయన వాదం. పిల్లలు వాచకాన్ని కంఠస్థం చేసి, పుస్తకం తలక్రిందులుగా పట్టుకొని కూడ చదివేసేవారట. కవియైన మాథ్యూ ఆర్నాల్డ్ ఆ రోజుల్లో బడుల ఇన్‌స్పెక్టరు. ఈ పద్ధతి చదువులోని ప్రాణం తీస్తుందని తన పై అధికారులతోనే పోరాడాడు.

తిరిగి మన దేశానికి వద్దాము. 1846లో మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభువు సర్కారు బడులలో బైబిలును పాఠ్యంగా పెట్టాలని ప్రతిపాదించాడు. దీనికి ఎదురు నిలిచినవాడు గాజుల లక్ష్మీనరసు చెట్టి అనే తెలుగు వర్తకుడు. మద్రాసులో సభ చేసి కంపెనీ డైరెక్టర్లకు మహజరు పంపాడు. డైరెక్టర్లు గవర్నరు ప్రతిపాదనను త్రోసిపుచ్చారు. 1852లో ఆయన స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ మన ప్రాంతపు తొలి రాజకీయ సంఘాలలో ఒకటి. మిషను చరిత్రలలో ఈ చెట్టిగారిని శత్రువుగా చూపడం వాడుక. వేదాంత కళాశాలలో నేనూ అట్లే చదువుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆనాడు డైరెక్టర్లు చెప్పిన కాదు మనకూ మేలు చేసిందని తోస్తుంది. సర్కారు ఒకనాడు మన గ్రంథాన్ని బలవంతంగా చదివించగలిగితే, మరొకనాడు మరొక గ్రంథాన్ని మన బిడ్డలచేత చదివించగలదు. ఒక పాఠ్యపుస్తకాన్ని గూర్చిన తగవునుంచి ప్రభుత్వాన్ని నిలదీసే సంఘం బలం పుంజుకున్నదని కూడ గమనించాలి.

1854 జూలై 19 నాటి చార్లెస్ ఉడ్ తాకీదు ఈ తగవునుంచి నేర్చుకున్నట్లే ఉంటుంది. సర్కారు బడులలో మతబోధ ఉండదు. ప్రైవేటు బడి, అది మిషనుదైనా సరే, మంచి లౌకికవిద్య చెప్పి, తనిఖీకి ఒప్పుకుంటే గ్రాంటు దొరుకుతుంది. ఆ బడిలో చెప్పే మతబోధను ఇన్‌స్పెక్టరు పట్టించుకోరాదు. ఏమి చెప్పినా కానీ, లెక్కల తరగతి మాత్రం చూపించు అన్నట్లు! 1855లో మద్రాసులో విద్యాశాఖ ఏర్పడింది. అలెగ్జాండర్ ఆర్బత్‌నాట్ మొదటి డైరెక్టరు. ఈ తాకీదు లేకపోతే మన పల్లెలలో ఇన్ని బడులు నిలిచి ఉండేవి కావు. ఇది ఒప్పుకోవాలి. 1876–78 కరవు తరువాత మాలపల్లెలు, మాదిగపల్లెలు గుంపులుగా సంఘంలో చేరినప్పుడు, విదేశాలనుంచి వచ్చే కానుకలు ఉపదేశుల జీతాలకే చాలేవి కావు. పగలు పశువులు కాచే పిల్లలకు రాత్రిబడి, ఆ బడిలో చెప్పేవాడే ఆదివారం ప్రార్థన చేయించేవాడు. గ్రాంటు పుచ్చుకోవడమంటే ఆ ఒక్క మనిషి సర్కారుకూ జవాబు చెప్పవలసినవాడయ్యాడన్నమాట.

ఇంగ్లండులోని "ఫలితాన్నిబట్టి గ్రాంటు" పద్ధతి 1860లలోనే మద్రాసుకూ వచ్చింది. వీధిబడి పంతుళ్ళు కూడ ఆ కాస్త సొమ్ముకోసం తనిఖీకి పేరు ఇచ్చుకున్నారు. వారు పేరు ఇచ్చుకున్న పిమ్మట తరగతుల విభజన, అచ్చు వాచకం, హాజరుపట్టీ వచ్చాయి. క్రమంగా అమావాస్య సెలవు పోయి ఆదివారం సెలవు వచ్చింది. మన్రో ఉత్తరువు లెక్క మాత్రమే పెట్టగలిగింది. కొద్ది రూపాయల గ్రాంటు అయితే వీధిబడిని లోపలినుంచే మార్చివేసింది. 1904లో భారతప్రభుత్వం తన విద్యావిధాన తీర్మానంలో ఈ పద్ధతి తప్పని ఒప్పుకున్నది. అయినా ఇన్‌స్పెక్టరు భయం పోవడానికి చాలాకాలం పట్టింది. మా అమ్మమ్మవాళ్ళ నాన్నగారు మిషను బడి ఉపాధ్యాయులు. తనిఖీ అంటే ముందురోజే బడి అలికించి, మామిడాకు తోరణం కట్టించి, పొలాలకు పోయిన పిల్లలను తానే వెతికి తెచ్చేవారట. ఇన్‌స్పెక్టరుగారు వెళ్ళిన తరువాతగాని అన్నం ముట్టేవారు కారని అమ్మమ్మ చెప్పేది.

అందరు ఇన్‌స్పెక్టర్లూ భయపెట్టడానికే రాలేదు లెండి. 1907లో ఉత్తర సర్కారులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్ దొర, పుస్తకాల తెలుగుకూ ప్రజలు మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావుగార్ల వ్యావహారిక భాషోద్యమానికి ఆ ప్రశ్న ఊతమైంది. ఈ వ్యాసం ఈ భాషలో వ్రాయగలుగుతున్నానంటే అందులో ఒక తనిఖీ అధికారి పాలు కొంత ఉన్నది.

ఇక కష్టమైన భాగానికి వస్తున్నాను. మన బడులు మొదటినుంచీ అందరికీ తెరిచి ఉన్నాయని సంచికలలో వ్రాసుకుంటాము. అన్నీ అట్లా లేవు. 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ దొర స్థాపించిన ఇంగ్లీషు బడి గొప్ప బడి. ఆయన భక్తి, పట్టుదల సాటిలేనివి. కాని పై కులాలవారిని ఆకర్షించడం ఆయన ఉద్దేశం. అంటరానివారని లోకం అన్న పిల్లలకు ఆ బడిలో ఆయన చోటివ్వలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందగానే బడి ఖాళీ అయింది. తరువాత నెమ్మదిగా నిండింది. నోబుల్‌గారి నిర్ణయాన్ని సమర్థించే మిషనెరీలూ, విమర్శించే మిషనెరీలూ ఆనాడే ఉన్నారు. నా మట్టుకు నాకు అది పొరపాటుగానే కనిపిస్తుంది.

సర్కారు మాత్రం తక్కువ తిన్నదా? 1856లో బొంబాయి రాజధానిలోని ధార్వాడలో ఒక మహర్ బాలుడు తనను సర్కారు బడిలో చేర్చుకోలేదని అర్జీ పెట్టాడు. అతనికి చోటు దొరకలేదు. 1858లో డైరెక్టర్లు, ప్రజాధనంతో నడిచే బడి అన్ని వర్గాలకూ తెరిచి ఉండాలని సూత్రం నిర్ణయించారు. సూత్రం లండనులో ఉన్నది. ఊరి బడి అగ్రహారంలో ఉన్నది. ఆ వీధిలోకే అడుగు పెట్టరాని పిల్లవానికి బడి తలుపు తెరిచి ఉంటే ఏమి, మూసి ఉంటే ఏమి? కనుక పల్లెలో మిషను బడి ఒక్కటే బడి అయింది. ఆ బడులను చూపించి మిషనెరీలు ప్రభుత్వాన్ని పదేపదే అడిగారు. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అక్కడి పరయల దుస్థితిని గూర్చి ఘాటైన నివేదిక వ్రాశాడు. 1893లో మద్రాసు ప్రభుత్వం విద్యాశాఖలో 68వ నెంబరు జీ.ఓ. జారీ చేసింది. పంచమ పిల్లల బడులకు ప్రత్యేక గ్రాంటు, ఉపాధ్యాయ శిక్షణ పొందే పంచమ విద్యార్థులకు భృతి, బడి కట్టుకోవడానికి పోరంబోకు స్థలం. ఆ రోజుల్లో దీనిని పంచమ విద్యకు హక్కుపత్రమని పిలిచారు. మన పాత బడులకు ఉన్న స్థలాలలో పోరంబోకు ఇచ్చినవి ఎన్నో, పాస్టరేటు కాగితాలు చూచేవారికి తెలుస్తుంది.

డబ్బుతోపాటు పేరు కూడ వచ్చింది. పంచమ బడికి గ్రాంటు కావాలంటే పిల్లవాడు పంచముడని రిజిస్టరులో వ్రాయాలి. మొదటి పుటలలోని ఆ మాట అట్లా వచ్చింది.

ఆ మాటను మార్చినది కూడ బడి చదువే. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన జరిగిన సభ, మేము పంచములము కాము, ఈ దేశపు మొదటి ప్రజలము, ఆది ఆంధ్రులము అని చాటింది. మద్రాసులో ఎం. సి. రాజా మిషను బడిలో చదివి, ఉపాధ్యాయుడై, పాఠ్యపుస్తకాలు వ్రాసినవాడు. ఆయన శాసనమండలిలో కూర్చుని, ప్రభుత్వ కాగితాలలో పంచమ, పరయ అనే మాటలు తీసివేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని వ్రాయాలని పట్టుబట్టారు. 1922లో ప్రభుత్వం ఒప్పుకున్నది. మా రిజిస్టరులో "పంచమ" పోయి "ఆది ఆంధ్ర" వచ్చిన పుటకు వెనుక కథ ఇదే. సర్కారు ఇచ్చిన గ్రాంటుతో చదివినవారే సర్కారు గడిలోని మాటను దిద్దించారు. నూరేళ్ళ మన చరిత్రలో దీనికంటె నాకు నచ్చిన సంగతి లేదు.

1920లో మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం వచ్చింది. 1921నుంచి విద్యాశాఖ మన మంత్రుల చేతికి వచ్చింది. అన్నెపు పరశురామదాసు పాత్రోగారు ఆ శాఖను చాలాకాలం చూచారు. లేబర్ కమిషనరు ఆధ్వర్యాన పల్లెలలో "లేబర్ బడులు" వెలిశాయి. నైజాం ఇలాకాలో దారి వేరు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది, తెలుగు పిల్లవాడు బడిలో ఉర్దూ నేర్వనిదే పైకి పోలేడు. ఖాన్గీ బడి, అనగా ప్రైవేటు బడి తెరవాలంటే సర్కారు అనుమతి కావాలి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ తీసుకున్న కోర్కెలలో ఈ బడుల స్వేచ్ఛ ముఖ్యమైనది. తెలంగాణలో రాజకీయ చైతన్యానికి గ్రంథాలయం, బడి రెండు కాళ్ళయ్యాయి.

స్వాతంత్ర్యం వచ్చింది. 1950 నాటి రాజ్యాంగం 30వ అధికరణంలో అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది. 29వ అధికరణంలో, గ్రాంటు పుచ్చుకొనే బడి ఏ బిడ్డనూ మతం, కులం కారణంగా త్రోసివేయరాదన్నది. 28వ అధికరణంలో, గ్రాంటు బడిలో ఇష్టంలేని విద్యార్థిని మతబోధకు కూర్చోబెట్టరాదన్నది. ఉడ్ తాకీదు, చెట్టిగారి మహజరు, ధార్వాడ బాలుని అర్జీ, మూడూ ఈ అధికరణాలలో వినిపిస్తాయి.

అదే 1950లో షెడ్యూల్డు కులాల ఉత్తరువు వచ్చింది. హిందువు కానివారిని ఆ జాబితాలో చేర్చలేదు. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు చేరలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో "సి" వర్గం. ఇది అందరికీ తెలిసినదే, కాని సంఘంలో ఎవరూ బయటికి మాట్లాడరు. జూన్ నెలలో పిల్లవాని చెయ్యి పట్టుకొని ఒక తండ్రి వస్తాడు. ఆదివారం కానుకల సంచి పట్టేవాడే. ఫారం నింపుతూ గడి దగ్గర ఆగుతాను. "అయ్యగారూ, అక్కడ మీకు తోచింది వ్రాయండి" అంటాడు, నా ముఖం చూడకుండా. నాకు తోచింది వ్రాయడానికి అది నా గడి కాదు. ఆయనకు తోచింది వ్రాయడానికి ఆయన గడీ కాదు. స్కాలర్‌షిప్పు, హాస్టలు, రేపటి ఉద్యోగం ఒకవైపు. బాప్తిస్మపు రిజిస్టరు మరొకవైపు. రెండు రిజిస్టర్లూ నా బీరువాలోనే ఉన్నాయి. 1893లో గ్రాంటు కోసం "పంచమ" అని వ్రాయించుకున్న తాతకూ, ఈ తండ్రికీ మధ్య దూరం నాకు ఎక్కువగా కనిపించదు. అతనిని వేదికమీదనుంచి మందలించేవారితో నేను ఏకీభవించలేను.

ప్రభుత్వమే బడులను మారుస్తుందని అనుకోరాదు. బడులు ప్రభుత్వాన్ని పడగొట్టిన సందర్భం కూడ ఉన్నది. 1957లో కేరళలో నంబూద్రిపాద్ ప్రభుత్వం విద్యాబిల్లు తెచ్చింది. రాష్ట్రపతి దానిని సుప్రీంకోర్టు సలహాకు పంపగా, 1958లో కోర్టు చెప్పినది మనవంటి బడులన్నింటికీ ముఖ్యం. గ్రాంటు ఇచ్చేటప్పుడు ప్రభుత్వం తగిన షరతులు పెట్టవచ్చును. అయితే గ్రాంటు కావాలంటే హక్కునే వదులుకోవలసినంత షరతు పెట్టరాదు. క్రైస్తవ సంఘాలు, నాయర్ సర్వీస్ సొసైటీ కలిసి ఉద్యమించాయి. 1959 జూలై 31న ఆ ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసింది. మనవారు దీనిని విజయంగా చెప్పుకుంటారు. ఆ బిల్లులో ఉపాధ్యాయుని జీతం నేరుగా ఖజానానుంచి ఇవ్వాలన్న భాగం కూడ ఉన్నదని మాత్రం చెప్పరు. ప్రైవేటు యాజమాన్యాల క్రింద ఉపాధ్యాయులు సంతకం ఒక మొత్తానికి పెట్టి, చేతికి మరొక మొత్తం తీసుకొనే రోజులవి. మన చేతులు కూడ శుభ్రంగా లేనప్పుడే సర్కారు చెయ్యి లోపలికి వచ్చింది.

2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ సంస్థలకు వచ్చిన కష్టం చదువరులకు గుర్తుండే ఉంటుంది. ఆస్తులతో సహా సంస్థను అప్పగించండి, లేదా గ్రాంటు మీద ఉన్న ఉపాధ్యాయులను అప్పగించి ప్రైవేటుగా నడుపుకోండి అని ప్రభుత్వం అడిగింది. విద్యార్థులు, తల్లిదండ్రులు వీధికెక్కారు. నవంబరులో ప్రభుత్వం మెమో ఇచ్చి, ఎయిడెడ్‌గా కొనసాగాలనుకొనేవారు కొనసాగవచ్చునన్నది. ఆ నెలల్లో మా కమిటీలో జరిగిన వాదనలు రాత్రి పదింటిదాకా సాగేవి. స్థలం ఇస్తే సంఘం ఊరుకోదు. ఉపాధ్యాయులను ఇస్తే ఫీజు కట్టలేని పిల్లలు ఏమవుతారు? ఒక పెద్దాయన, "గ్రాంటు లేకుండానే మన తాతలు బడి నడిపారు" అన్నారు. నడిపారు. రాత్రిబడి, ఒక లాంతరు, ఆకలితో ఉన్న ఒక పంతులు. నేను వేరే మాట అన్నాను. గ్రాంటు మనకు సర్కారు పెట్టిన భిక్ష కాదు, మన పల్లె కట్టిన పన్నులోనిది, దానికి లెక్క చెప్పడంలో నామోషీ లేదు. షరతు ఏదో, హక్కు ఏదో ప్రతి తరమూ మళ్ళీ తేల్చుకోవలసిందే. మేము ఎయిడెడ్‌గానే ఉన్నాము. ఆరు పోస్టులలో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు. తక్కినవారికి సంఘం తన శక్తికొలది జీతం ఇస్తున్నది.

పిల్లల వివరాలు ఇప్పుడు కంప్యూటరులోకి పోయాయి. కులం, మతం గడి అక్కడా ఉన్నది. పాత మొదటి రిజిస్టరు అట్ట ఊడిపోయింది, కొన్ని పుటలను చెదలు తిన్నాయి. శతజయంతి ప్రదర్శనలోపల బైండు చేయించి బల్లమీద పెడతాము. తమ తాతల, అవ్వల పేర్లు చూచుకోగోరువారు చూచుకోవచ్చును. మీ ఇండ్లలో పాత ఉపాధ్యాయుల ట్రైనింగు సర్టిఫికెట్లు, తనిఖీ రిపోర్టులు, జీతపు రసీదులు ఉంటే దయచేసి పాస్టరేటు కార్యాలయానికి తీసుకురండి. చూచి, నకలు తీసుకుని, అసలు మీకే ఇచ్చివేస్తాము.